ఉంగరపు వేలికి పని లేని పాట

ఎంగిలి అంటే గిట్టని మనిషిని తీసుకెళ్లి ఎంగిలి కడిగే పనిలో పెడితే ఎలా ఉంటుందో తెలుసుకోవాలంటే పళ్లక్క మొహం చూస్తే చాలు. పొద్దున పనిలోకి వెళ్లగానే చిట్లిన ఆ మొహం సాయంత్రం దాకా విప్పారదు. ఇంట్లో ఆమె గ్లాసు ఎవరూ ముట్టుకోకూడదు. మొగుడు పొరపాటున ఆమె చెంచాతో ఓ ముద్ద తిన్నాడంటే ఆ చెంచా ఇక ఆయనకే రాసిచ్చినట్టు. అత్తగారు కూర రుచి చూసి అదే గరిటె మళ్లీ గిన్నెలో పెట్టిందంటే ఆ పూటకి పళ్లక్కకి మజ్జిగే గతి. అలాంటి మనిషి ఇప్పుడు పొద్దస్తమానం ఊళ్లోవాళ్ల నోళ్లు కడుగుతోంది.

నోళ్లంటే నోళ్లు కావు, నోళ్ల అచ్చులు. ఆమె పనిచేసేది కట్టుడు పళ్లు చేసే ల్యాబులో. పళ్ల డాక్టర్లు రోగి నోట్లో గులాబీరంగు ముద్ద పెట్టి, గట్టిపడ్డాక బయటికి లాగి, ఆ అచ్చుని కవర్లో చుట్టి ల్యాబుకి పంపిస్తారు. కడిగి పంపాలని రూలు ఉంది. ఆ రూలు గోడమీద అంటించి ఉంటుంది, అంతే. కవరు విప్పితే ఉమ్మి తీగలుగా సాగుతుంది. చిగుళ్ల నెత్తురు గోధుమరంగులో అట్టకట్టి ఉంటుంది. దవడ పళ్ల సందుల్లో ఆ మహానుభావుడు పొద్దున తిన్న గుడ్డు పచ్చసొన అచ్చుతో సహా దిగి ఉంటుంది. "డాక్టరు దగ్గరికొచ్చే రోజైనా పళ్లు తోముకుని ఏడవొచ్చుగా!" అని తిట్టుకుంటూనే ఆమె కడుగుతుంది. చేతులకి తొడుగులున్నాయి, ముక్కుకి గుడ్డ ఉంది. కళ్లకి ఏం తొడుక్కోవాలో మాత్రం ఎవరూ చెప్పలేదు.

మొన్నమొన్నటిదాకా ఆమెది ఈ పని కాదు. కిటికీ పక్క బల్ల ఆమెది. అచ్చులో పోసి తీసిన సుద్ద దవడని ఎడమ చేత్తో పట్టుకుని, కుడిచేత్తో వేడి చాకు ఆడిస్తూ, మైనంలో ఒక్కో పన్ను నిలబెట్టేది. ఆమె అమర్చిన పళ్లతో నవ్వితే పక్కింటివాళ్లు కూడా పోల్చుకోలేరని డాక్టర్లే అనేవాళ్లు. పళ్లక్క అన్న పేరు అలా వచ్చిందే. ఆ పేరు విన్నప్పుడల్లా ఆమె పైకి విసుక్కునేది, లోపల పొంగిపోయేది. ఒకరోజు కట్టుడు పళ్లని పట్టి ఉంచే లోహపు కొక్కేలు కోసే చక్రం జారి ఎడమ చేతి ఉంగరపు వేలి మీద పడింది. అరచేతి వైపు నరం తెగింది. ఆస్పత్రిలో కలిపి కుట్టారు. వేలు దక్కింది గానీ వంగడం మానేసింది.

దవడని వెనక నుంచి ఆ వేలే ఆపాలి. అది ఆపకపోతే దవడ చేతిలో గిర్రున తిరుగుతుంది, పెట్టిన పన్ను పక్కకి వాలుతుంది. ల్యాబు యజమాని చెడ్డవాడేమీ కాదు. అందరూ పెద్దాయన అంటారు. "చెయ్యి బాగయ్యేదాకా సింకు దగ్గర చూస్తూ ఉండమ్మా," అన్నాడు. బాగవకపోతే ఏమిటన్నది ఆయన అనలేదు, ఆమె అడగలేదు. బల్ల ఖాళీగా ఉంది. దాని మీద దుమ్ము పడుతుంటే సింకు దగ్గర్నుంచి చూస్తూ నించోవడం పళ్లక్కకి ఆ ఉమ్మి కన్నా రోతగా ఉండేది.

ఆస్పత్రిలో కసరత్తులు నేర్పే ఆవిడ ఓ రబ్బరు బంతి ఇచ్చి పిసకమంది. "రోజూ నూనె రాసి ఆ మచ్చని బాగా రుద్దాలి. రుద్ది, వేలుని మీరే పట్టుకుని వంచాలి," అని చేసి చూపించింది. ఆవిడ రుద్దుతుంటే పళ్లక్క గోడమీద క్యాలెండరు చూస్తూ కూర్చుంది. ఇంటికొచ్చాక ఒక్కనాడూ రుద్దలేదు. ఆ మచ్చని చూస్తే ఆమెకి కంపరం. వేలి పొడుగునా పాలిపోయిన వానపాములా ఉబ్బి, నున్నగా మెరుస్తూ ఉండేది. స్నానం చేసేటప్పుడు కూడా ఆ వేలు తప్పించి మిగతా చెయ్యి తోముకునేది. మళ్లీ వెళ్లినప్పుడు ఆవిడకి అనుమానం వచ్చి, "ఇది విసుగైతే తీగల వాయిద్యం ఏదైనా నేర్చుకోండి. తీగలు నొక్కితే వేళ్లు వాటంతటవే వంగుతాయి," అంది. మచ్చ ముట్టుకోకుండా వేలు బాగుపడే మార్గం ఉందంటే ఎవరు కాదంటారు! మొగుడు పెళ్లికి ముందు కొనుక్కుని, ఫోటోలు దిగి, అల్మారా పైకి ఎక్కించిన గిటారు ఇంట్లోనే ఉంది.

"రేపట్నుంచి సాయంత్రం కాస్త ఆలస్యమవుతుంది అత్తయ్యా. కార్డులు నేర్చుకోవడానికి వెళ్తున్నా," అని చెప్పి గిటారు సంచి భుజాన వేసుకుని పోయింది.

అత్తగారు కొడుకుని గుమ్మంలోనే ఆపేసింది. "నీ పెళ్లాం పేకాట నేర్చుకుంటోందిరా. నాతోనే చెప్పి మరీ వెళ్లింది, ఎంత ధైర్యమో చూడు."

"పేకాటేంటమ్మా?"

"కార్డులంది. ఇంత పొడుగు సంచి కూడా పట్టుకెళ్లింది. దాన్నిండా ముక్కలేనేమో!"

గిటారులో కార్డు అంటే కొన్ని తీగల్ని కలిపి నొక్కి ఒక్కసారిగా మీటడమని ఆయన విడమర్చి చెప్పాడు. ఆవిడ సగమే నమ్మింది. తర్వాత కూడా ఎవరైనా అడిగితే, "మా కోడలు కార్డులాడుతుంది," అనే చెప్పేది.

గిటారు మాస్టారి గది పంచర్ల కొట్టు పైన ఉంది. మెట్లెక్కేటప్పుడు కాలిన రబ్బరు వాసన, ఎక్కాక మాసిన పరుపు వాసన. నలుగురు నేర్చుకునేవాళ్లుండేవాళ్లు. మాస్టారు యాభై దాటిన మనిషి, మెత్తని మాట, ఇస్త్రీ ఎరుగని చొక్కా. తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ బిళ్ల ఉంటుంది, పిక్కు అంటారు. ఆయన తీగలు బిగించేటప్పుడు ఆ పిక్కుని పెదాల మధ్య కరిచి పట్టుకునేవాడు. ఆలోచనలో పడితే దాని మూలతో పళ్ల సందులు కెలుక్కునేవాడు. మొదటిరోజే అలా కెలికి, చొక్కాకి కూడా తుడవకుండా, "ఇదిగో అమ్మా, మీటండి," అని పళ్లక్క చేతికిచ్చాడు.

పళ్ల సందుల్లో ఏముంటుందో ఊళ్లో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. రుమాలుతో పట్టుకుని, కిందికి దిగి, పంచర్ల తొట్టిలో నీళ్లు చూసి ఇంకా అసహ్యించుకుని, వీధి కుళాయి దగ్గర కడిగి తెచ్చింది.

"మీకు శుభ్రం ఎక్కువమ్మా," అన్నాడు మాస్టారు నవ్వుతూ.

"మీకు కొంచెం తక్కువ మాస్టారూ," అంది. మర్నాటి నుంచి సొంత పిక్కు తెచ్చుకుంది.

ఆ రోజు ఆయన ముందుగా చూపించింది సి కార్డు. "చూపుడు వేలు ఇక్కడ, మధ్యవేలు ఇక్కడ. ఉంగరపు వేలు బాగా సాచి, వంచి, మూడో గడిలో ఈ లావు తీగ మీద." పళ్లక్క పెట్టబోయింది. రెండు వేళ్లు కూర్చున్నాయి. మూడోది కర్రలా లేచి నిలబడింది, సరిగ్గా ఆమె కళ్లెదుట, మచ్చ తనవైపు తిప్పి. ఆమె మొహం పక్కకి తిప్పేసుకుంది. మాస్టారు గమనించాడు. "ఇంకోటి ఉందమ్మా, సులువుది. ఒక్క చూపుడు వేలు చాలు. పైన లావు తీగలు వదిలేసి కింద సన్నవి మూడే మీటండి." ఆమె మీటింది. గలగలమని మోగింది. ఆమె మొహం ఎన్నాళ్లకో విప్పారింది.

ఇక చూడండి, సులువు మీద సులువు. జి కార్డుకి ఒక్క వేలు. ఇ మైనరుకి రెండు వేళ్లు, చూపుడూ మధ్యదీ. ఏ కార్డు వచ్చినా మాస్టారి దగ్గర దానికో సులువు తమ్ముడు ఉండేవాడు. చూస్తుండగానే ఆమెకి పాటలు వచ్చేశాయి. సాయంత్రాలు వరండాలో కూర్చుని మీటుతుంటే అత్తగారు పని మానుకుని వినేది. మొగుడు, "నేను కొన్న గిటారు!" అని మురిసిపోయేవాడు. పళ్లక్క వేళ్ల కొసలు గట్టిపడి కాయలు కాశాయి. తీగలు నొక్కితే వేళ్లు బాగుపడతాయన్నారు, నొక్కుతోంది కదా! ఏ వేళ్లు నొక్కుతున్నాయన్న ప్రశ్న మాత్రం ఆమె తనని తాను వేసుకోలేదు. ఆ వేలు పైనే గాల్లో ఉండేది, పాటతో తనకేమీ సంబంధం లేనట్టు.

ఆ ఊపులోనే ఓరోజు గిటారు ల్యాబుకి పట్టుకెళ్లింది. టీ టైములో వాయించింది. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన కళ్లజోడు పైకి తోసుకుని, "మరి ఇంకేమమ్మా, గిటారే వాయిస్తుంటే! రా, బల్ల దగ్గర కూర్చో," అన్నాడు. ఆమె దుమ్ము తుడిచింది. చాకు వేడిచేసే దీపం వెలిగించింది. ఆయన ఒక సుద్ద దవడ ఆమె ఎడమ చేతిలో పెట్టాడు. కింది దవడ, ఎవరో ముసలాయనది. మైనం కరిగించి మొదటి పన్ను నొక్కిందో లేదో దవడ చేతిలో తిరిగింది. పట్టుకోబోయింది. ఆగలేదు. నేల మీద పడి రెండు ముక్కలైంది.

అందరూ ఆమె చేతికేసి చూశారు. దవడ పోయినా ఆ వేలు మాత్రం అలాగే చాచుకుని ఉంది. ఆమెకి తల కొట్టేసినట్టయింది.

పెద్దాయన ముక్కలు ఏరాడు. కోప్పడలేదు, అదే నరకం. "ఆ ముసలాయన్ని మళ్లీ పిలిపించి మళ్లీ నోట్లో ముద్ద పెట్టించాలి," అన్నాడు. ముక్కలు బల్ల మీద పెట్టి, "అమ్మా, నేనూ ఎన్నాళ్లని ఆగను? పక్క ల్యాబు నుంచి ఒకాయన వస్తానంటున్నాడు. నెలాఖరు దాకా చూస్తా. వేలు వంగితే బల్ల నీదే. లేకపోతే ఆయనది. నీకు సింకు ఎలాగూ ఉంటుంది."

సింకు ఎలాగూ ఉంటుందట! ఆ మాటని పళ్లక్క ఇంటికి కాదు, నేరుగా పంచర్ల కొట్టు పైకి మోసుకెళ్లింది. అరికాలి మంట నెత్తికెక్కి ఉంది. మాస్టారు ఒక్కడే కూర్చుని తీగలు తుడుస్తున్నాడు, పిక్కు నోట్లోనే ఉంది.

"ముందు అది నోట్లోంచి తీయండి," అంది. ఆయన తీశాడు. "నా వేలు వంగట్లేదని మీకు తెలుసా?"

"మొదటిరోజే తెలుసమ్మా."

"తెలిసి, దానికి పనిలేని పాటలన్నీ ఏరి ఏరి నేర్పారా?"

"మీ మనసు కష్టపెట్టుకుంటారని..." ఆయన నీళ్లు నమిలాడు. "నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది ఆ సి కార్డు దగ్గరే మానేసి పోతారమ్మా. సులువుది ఇస్తే నాలుగు రోజులు ఉంటారు. జాలిపడ్డాననే అనుకోండి."

"మీ జాలి తగలెయ్య! నేనొచ్చింది పాటలకా? ఆ వేలు వంగకపోతే నా బల్ల పోతుంది. చప్పట్లు కొట్టించి నన్ను తీసుకెళ్లి సింకులో ముంచారు."

మాస్టారు తలవంచుకుని, నెమ్మదిగా అన్నాడు. "తప్పు నాది కూడా ఉంది, కాదనను. కానీ అసలు కార్డు నేను చూపించానమ్మా. మీరు మీ వేలు చూసుకుని మొహం తిప్పేసుకున్నారు. నా పిక్కుని చూసి కూడా మీరు అంత అసహ్యించుకోలేదు. ఇంక నేనేం చెయ్యను?"

పళ్లక్క ముక్కున వేలేసుకుందామన్నా ముందు వేలు వంగాలి కదా. గిటారు సంచి ఎత్తుకుని మెట్లు దిగింది. దారి పొడుగునా ఆయన్ని తిట్టింది, మెట్లని తిట్టింది, రబ్బరు వాసనని తిట్టింది. ఇల్లు దగ్గరపడేసరికి తిట్టడానికి ఎవరూ మిగల్లేదు, తను తప్ప.

గదిలో కూర్చుని గిన్నెలో నూనె పోసుకుంది. ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుంది. కుడిచేతిని నూనెలో ముంచి ఆ వేలి దాకా తీసుకెళ్లింది. ఆగిపోయింది. ఊళ్లోవాళ్ల ఉమ్మిలో, నెత్తుట్లో, పాచిలో రోజూ చేతులు పెట్టే మనిషి. సొంత వేలు ముట్టుకోవడానికి చెయ్యి రావడం లేదు. అందరి ఎంగిలీ కడిగి కడిగి, చివరికి తన వేలు తనకే ఎంగిలైపోయింది. అది తట్టగానే పళ్లక్కకి తన మీద తనకే వెగటు పుట్టింది, ఏ కవరు విప్పినప్పుడూ పుట్టనంత. కళ్లు మూసుకోబోయి, మానేసి, తెరిచే ఉంచి, పట్టుకుంది.

మచ్చ ఆమె అనుకున్నట్టు మెత్తగా లేదు. తాడు ముడిలా గట్టిగా, లోపల ఎముకని పట్టుకుని వదలనట్టు ఉంది. కొస చల్లగా, మొదలు వేడిగా ఉంది. రుద్దితే లోపల ఏదో కరకరమంది. గబగబా వెళ్లి నీళ్లు తాగి, వచ్చి, మళ్లీ పట్టుకుంది. వంచింది. ప్రాణం పోయినంత పనైంది. "ఛీ," అంది వేలితో. "ఛీ, నీ మొహం మండా. వంగు." ఆ రాత్రి భోజనం కూడా చెయ్యలేదు.

మర్నాడు మాస్టారి ముందు కూర్చుని, "అసలుది చూపించండి," అంది. కుడిచేత్తో ఉంగరపు వేలుని పట్టుకుని, వంచి, తీసుకెళ్లి లావు తీగ మీద పెట్టి మీటింది. టప్పుమంది. వంగీ వంగని వేలు పక్క తీగ మీద పడుకుని దాని నోరు కూడా నొక్కేసింది. గలగల లేదు, గిలగిల లేదు. బొంగురు గొంతు మనిషి కఫం కక్కినట్టు ఓ చప్పుడు. తక్కినవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. పళ్లక్క అందరి మొహాలూ చూసి, మళ్లీ పెట్టి, మళ్లీ మీటింది. టప్పు.

ఆ టప్పు ఇంటికి కూడా వచ్చింది. అత్తగారు చెవుల్లో దూది పెట్టుకుంది. "మొన్నటిదాకా బాగానే వాయించేదానివి కదే, ఇదేం రోగం? పేకాటే నయం," అంది. మొగుడికి తను కొన్న గిటారన్న మురిపెం పోయింది. పొరుగువాళ్లు కిటికీలు మూసుకున్నారు. పళ్లక్కకి మాత్రం అన్నిటికన్నా ఎక్కువ అసహ్యం వేసేది తన చప్పుడే. వినలేక పళ్లు నూరుకునేది. పాత పాట ఒక్కటి, ఆ సులువుది, ఒక్కసారి వాయిస్తే ఇల్లంతా హాయిపడుతుందని తెలుసు. వాయించలేదు. నూనె, రుద్దడం, వంచడం, టప్పు. కొన్నాళ్లకి టప్పు కాస్తా బుర్రుమంది. బుర్రుమన్న రోజు మాస్టారు సంతోషం పట్టలేక పిక్కు నోట్లో పెట్టుకోబోయి, ఆమెని చూసి, జేబులో వేసుకున్నాడు.

నెలాఖరు వచ్చింది. పక్క ల్యాబు ఆయన పొద్దున్నే వచ్చి, గుమ్మం దగ్గర స్టూలు మీద, తన చాకుల పెట్టె ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మర్యాదస్తుడు, ఆమెకి నమస్కారం కూడా పెట్టాడు. ఆ మర్యాదకి ఆమెకి ఒళ్లు మండింది. పెద్దాయన ఒక సుద్ద దవడ తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు.

ఉంగరపు వేలు వంగింది. పూర్తిగా కాదు. మునుపటిలా దవడని కావలించుకోలేదు. వంకరగా వచ్చి, కొసతో సుద్దని ఆనుకుని, వణుకుతూ నిలబడింది. ఆమె దానికేసి చూసింది. అందంగా లేదు. ఎప్పటికీ ఉండదు. చూపు తిప్పుకోకుండా చాకు వేడిచేసింది. ముందు పళ్లు ఒక్కొక్కటీ మైనంలో దింపింది. సింకులో కుళాయి కారుతూనే ఉంది.

పెద్దాయన దవడ తీసుకుని కిటికీ దగ్గరికెళ్లాడు. వెలుతుర్లో అటూ ఇటూ తిప్పాడు. ఆమె చెయ్యి వైపు ఒక్కసారి కూడా చూడలేదు. కళ్లజోడు పైకి తోసుకుని, మొహం చిట్లించి, దవడ తెచ్చి బల్ల మీద ఠంగుమని పెట్టాడు.

"ఏంటమ్మా ఇది? ఈ కోరపన్ను చూడు, వీధిలోకి చూస్తోంది. కళ్లెక్కడ పెట్టుకుని పనిచేస్తున్నావు? ఇలాంటిది నా ల్యాబు నుంచి బయటికి పోతే నా పరువేం కావాలి? పీకు. పీకి మళ్లీ పెట్టు."

అనేసి గుమ్మం వైపు వెళ్లాడు. "శ్రమిచ్చాను, ఏమనుకోకండి. అవసరమైతే నేనే ఫోన్ చేస్తా," అని స్టూలు మీది ఆయనకి చెప్పడం ఆమెకి వినబడింది.

సింకు దగ్గర నించున్న ఇన్నాళ్లలో పళ్లక్కని ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పళ్ల వరస వంకరైందని ఆ పనిలో ఎవరంటారు? ఇప్పుడు పదిమందిలో, మొహం మీదే, కోరపన్ను పేరు చెప్పి, పళ్లు పెట్టే మనిషిని తిట్టినట్టు తిట్టాడు. "సరే సార్," అంది.

చాకు మళ్లీ మంట మీద పెట్టింది. దవడని ఎడమ చేతిలోకి తీసుకుని, వేలు కొస ఆనించి, ఆ వంకర పన్నుని పట్టి ఒక్క లాగు లాగింది. దవడ కదల్లేదు.